బీపీ ఉన్నవారి బరువు: అపోహలు - వాస్తవాలు

అపోహ: బీపీ చూసేటప్పుడు ఎవరి చేతికైనా ఒకటే కఫ్ (చేతికి చుట్టే గాలి పట్టీ) సరిపోతుంది.

వాస్తవం: చాలాసార్లు పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. లావు చేతికి ఇరుకు కఫ్ చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఆ అంకెను నమ్మి అక్కర్లేని మాత్ర ఇంకొకటి చేరుతుంది. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో టేపుతో చుట్టుకొలత తీయండి. 27 నుంచి 34 సెం.మీ. అయితే మామూలు కఫ్, 35 నుంచి 44 అయితే పెద్దది, 45 దాటితే అంతకన్నా పెద్దది కావాలి. కంపెనీని బట్టి ఈ కొలతలు కాస్త మారతాయి, కఫ్ మీద ముద్రించింది చూసుకోండి. లోపల గాలి నిండే సంచి చేతి చుట్టుకొలతలో కనీసం 80 శాతం చుట్టాలి. చొక్కా చేతిని బిగుతుగా పైకి మడవడం కూడా తప్పే, దాన్ని తీసేయడం మేలు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాకే చూసుకోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి.

అపోహ: పాతిక కిలోలు తగ్గితే తప్ప బీపీ కదలదు.

వాస్తవం: సగటున కిలోకు ఒక పాయింటు చొప్పున పై అంకె తగ్గుతుంది. 90 కిలోల మనిషికి 5 శాతం అంటే నాలుగున్నర కిలోలే. అది చిన్న లాభం కాదు.

అపోహ: బరువు తగ్గాను కాబట్టి మాత్ర మానేయొచ్చు.

వాస్తవం: సొంతంగా మానేయకండి. ముఖ్యంగా అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే బీపీ మాత్రలు), క్లోనిడిన్ అనే మరో బీపీ మాత్ర హఠాత్తుగా ఆపితే బీపీ ఎగబాకుతుంది. అయితే బరువు తగ్గేకొద్దీ పాత మోతాదు ఎక్కువైపోవడమూ నిజమే. లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయంటే అనుమానించాలి. వారం రోజులు ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి రాసుకుని డాక్టరుకు చూపించండి. మోతాదు మార్చాల్సింది ఆయనే.

అపోహ: బీపీ మాత్రలన్నీ లావెక్కిస్తాయి.

వాస్తవం: అటెనొలాల్, ప్రొప్రనొలాల్ వాడితే కొందరు కిలో, రెండు కిలోలు పెరుగుతారు. ఆమ్లోడిపిన్‌తో పాదాలు ఉబ్బడం వాపే తప్ప కొవ్వు కాదు. నీటి మాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే బీపీ మాత్ర) వేసుకున్నాక తగ్గిన బరువూ అంతే, పోయింది నీరే. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగి, ఆయాసం కూడా ఉంటే గుండె సంగతి వెంటనే చూపించుకోవాలి.

అపోహ: బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) మామూలుగా ఉంటే బరువుతో బీపీకి పని లేదు.

వాస్తవం: నడుము కొలత ఎత్తులో సగానికి మించిందేమో చూడండి. పొట్ట లోపలి కొవ్వు మూత్రపిండాలను నొక్కుతుంది, అవి ఉప్పును బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. పొట్ట ఉన్నవారికి ఉప్పు తగ్గించడం అందుకే మరింత ముఖ్యం. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూను, అన్ని పదార్థాల్లో కలిపి.

అపోహ: గురక అలసట వల్లే.

వాస్తవం: గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే నిద్ర పరీక్ష చేయించుకోవాలి. మూడు మందులకూ లొంగని బీపీ వెనక తరచూ నిద్రలో ఇలా ఊపిరి ఆగడమే ఉంటుంది.