ఆ 44 నిమిషాలకు ముందూ వెనకా

1997 ఫిబ్రవరి 28, శుక్రవారం. లాస్ ఏంజెలెస్‌లోని నార్త్ హాలీవుడ్ ప్రాంతం. లారెల్ కాన్యన్ రోడ్డు మీదున్న బ్యాంక్ ఆఫ్ అమెరికా శాఖలోకి ఉదయం 9.17కి ఇద్దరు ముసుగు మనుషులు చొరబడ్డారు. ఒంటి మీద బుల్లెట్ ప్రూఫ్ కవచాలు, చేతుల్లో ఆటోమేటిక్ రైఫిళ్లు. గ్లౌజుల మీద, మణికట్టు వెనక, గడియారాల డయల్స్ కుట్టించుకున్నారు. పోలీసులు రావడానికి ఎనిమిది నిమిషాలు పడుతుందని వాళ్ల లెక్క. రైఫిల్ దించకుండానే టైమ్ చూసుకోవడానికి ఆ ఏర్పాటు.

ఆ లెక్క మొదటి నిమిషంలోనే తప్పింది. గస్తీ కారులో అటుగా పోతున్న ఇద్దరు పోలీసులు వాళ్లు లోపలికి వెళ్లడం చూసేశారు.

ఆ తర్వాత జరిగిందే '44 మినిట్స్: ద నార్త్ హాలీవుడ్ షూటౌట్' అనే టెలిఫిల్మ్ కథ. అమెరికా కేబుల్ ఛానల్ ఎఫ్‌ఎక్స్ 2003 జూన్‌లో దీన్ని ప్రసారం చేసింది. దర్శకుడు ఈవ్ సిమోనో. మైకేల్ మాడ్సెన్, రాన్ లివింగ్‌స్టన్, మారియో వాన్ పీబుల్స్ పోలీసులుగా నటించారు. మాడ్సెన్ వేసిన డిటెక్టివ్ పాత్ర కల్పితం. పేరుకు తగ్గట్టే సినిమా బలమంతా ఆ 44 నిమిషాల మీదే ఉంది. చూసినవాళ్లకి మిగిలే మాట ఒకటే: పోలీసుల దగ్గర సరైన తుపాకులు లేవు. ఆ మాట నిజమే. కానీ ఈ కథ చదివిన ప్రతిసారీ నా మనసు ఆగిపోయేది ఆ శుక్రవారం దగ్గర కాదు, 1993 అక్టోబర్ దగ్గర.

దొంగల పేర్లు లారీ ఫిలిప్స్, ఎమిల్ మాటసరెయాను. 1989లో లాస్ ఏంజెలెస్‌లోని ఒక జిమ్‌లో పరిచయమయ్యారు. 1993 అక్టోబర్ 29న పక్కనే ఉన్న గ్లెండేల్‌లో అతివేగంగా పోతున్నారని పోలీసులు వాళ్ల కారు ఆపారు. సోదా చేస్తే అందులో రైఫిళ్లు, పిస్టళ్లు, 2,800 దాకా తూటాలు, పొగ బాంబులు, బుల్లెట్ ప్రూఫ్ జాకెట్లు, పోలీసుల మాటలు వినే రేడియో స్కానర్లు, మూడు వేర్వేరు నంబర్ ప్లేట్లు బయటపడ్డాయి. ఇంత సరంజామా వెంటేసుకుని తిరిగేది దేనికో చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. కానీ అప్పటికి ఏ దోపిడీతోనూ పోలీసులు వాళ్లను ముడిపెట్టలేకపోయారు. పడిన శిక్ష సుమారు 100 రోజుల జైలు, మూడేళ్ల ప్రొబేషన్, అంటే జైలు బయట కోర్టు నిఘా. బయటికొచ్చాక తుపాకులు, పేలుడు సామగ్రి తప్ప మిగతా సామాను చాలావరకు తిరిగి వాళ్ల చేతికే ఇచ్చేశారు.

1995 జూన్‌లో ఆ ఇద్దరూ డబ్బు తీసుకెళ్లే సాయుధ వాహనం మీద దాడి చేసి ఒక గార్డును చంపారు. నార్త్ హాలీవుడ్ గురించి ఎవరు చెప్పినా ముందుగా చెప్పే మాట "దొంగలు తప్ప ఎవరూ చనిపోలేదు" అని. ఆ ఒక్క రోజు మట్టుకు అది అక్షరాలా నిజం. కానీ ఈ కథ మొత్తంలో దొంగల చేతిలో ప్రాణం పోయిన మనిషి ఒకడున్నాడు. జీతం కోసం డబ్బు సంచుల వెంట తిరిగిన ఆ గార్డును లెక్కలోంచి తీసేయడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

1996 మేలో రెండు బ్యాంకు శాఖలు దోచి దాదాపు 15 లక్షల డాలర్లు పట్టుకుపోయారు. ఆ ధైర్యంతోనే మూడో బ్యాంకుకి వచ్చారు. ఏడున్నర లక్షల డాలర్లు దొరుకుతాయనుకున్నారు. బ్యాంకువాళ్లు డబ్బు వచ్చే వేళలు మార్చడంతో చేతికందింది మూడు లక్షల చిల్లరే.

బయట పోలీసుల దగ్గర ఉన్నవి 9 ఎంఎం పిస్టళ్లు, .38 రివాల్వర్లు, కొన్ని షాట్‌గన్లు. ఆ దూరంలో వాటి తూటాలు కవచాలకు తగిలినా లోపలికి దిగలేదు. అవతలి రైఫిల్ తూటాలు మాత్రం పోలీసు కార్ల తలుపుల్ని దూసుకుపోయాయి. కారు వెనక నక్కితే చాలు అనుకున్నవాళ్లకి ఆ రోజు నిలబడడానికి చోటు లేకపోయింది. దొంగలు పేల్చినవి సుమారు 1,100 రౌండ్లు, పోలీసులు పేల్చినవి 650 దాకా. 12 మంది పోలీసులు, 8 మంది మామూలు జనం గాయపడ్డారు. కొందరు పోలీసులు దగ్గర్లోని తుపాకుల దుకాణానికి పరిగెత్తి, అమ్మకానికి పెట్టిన రైఫిళ్లు అడిగి తెచ్చుకున్నారు. నగర పోలీసు ఉద్యోగి ఆయుధం కోసం కొట్టు గుమ్మం ఎక్కాల్సి వచ్చిందన్న ఈ ఒక్క సంగతి చాలు, ఆ ఉదయం వాళ్ల పరిస్థితి తెలియడానికి. ప్రత్యేక దళం స్వాట్ చేరేసరికి కాల్పులు మొదలై 18 నిమిషాలు. వ్యాయామం మధ్యలో కబురందింది కాబట్టి కొందరు నిక్కర్ల మీదే కవచాలు తగిలించుకుని వచ్చారు.

ఇలాంటిది ముందెన్నడూ జరగనిదీ కాదు. అదే దక్షిణ కాలిఫోర్నియాలోని నార్కోలో 1980 మే 9న ఐదుగురు దొంగలు బ్యాంకు దోచి, వెంటపడ్డ పోలీసుల మీద రైఫిళ్లతో విరుచుకుపడ్డారు. ఒక డిప్యూటీ షెరీఫ్ చనిపోయాడు, 33 పోలీసు వాహనాలు దెబ్బతిన్నాయి. 1986 ఏప్రిల్ 11న మయామీలో ఇద్దరు బ్యాంకు దొంగల్ని అడ్డగించిన ఎఫ్‌బీఐ ఏజెంట్లలో ఇద్దరు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. దాని మీద కూడా ఎన్‌బీసీ 1988లోనే టెలిఫిల్మ్ తీసింది. మయామీ దెబ్బతో ఎఫ్‌బీఐ తన పిస్టళ్లనూ తూటాలనూ మార్చుకుంది. అంటే పాఠం టీవీ తెర మీదకు కూడా వచ్చేసి ఎనిమిదేళ్లు దాటింది. లాస్ ఏంజెలెస్ వీధుల్లో గస్తీ పోలీసుకు మాత్రం అది అందలేదు.

దానికి డబ్బొక్కటే కారణం అనుకోను. 1991లో లాస్ ఏంజెలెస్‌లో రోడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని పోలీసులు కొట్టిన వీడియో ప్రపంచమంతా చూసింది. 1992లో ఆ పోలీసుల్ని దోషులు కారని వదిలేసిన తీర్పు తర్వాత చెలరేగిన అల్లర్లలో 50 మందికి పైగా చనిపోయారు. అలాంటి ఊళ్లో పోలీసు చేతికి రైఫిల్ ఇద్దామని ఎవరు అంటారు? 1997లో హెలికాప్టర్ల నుంచి లైవ్‌లో వచ్చిన దృశ్యాలు ఆ వాతావరణాన్ని మార్చేశాయి. అదే పోలీసులు ఈసారి కార్ల వెనక నక్కి ప్రాణాలు కాపాడుకుంటూ కనిపించారు.

ఆ ఏడాదే అమెరికా రక్షణ శాఖ లాస్ ఏంజెలెస్ పోలీసులకు 600 మిగులు ఎం-16 రైఫిళ్లు ఇచ్చింది. పోలీసుల చేతికి సైన్యం ఆయుధాలు రావడం ఈ కాల్పులతోనే మొదలైందని చాలామంది అంటారు. తేదీలు చూస్తే కుదరదు. మాదకద్రవ్యాల వేట పేరుతో ఆ దారి ముందే తెరిచారు, 1996లో చట్టం దాన్ని ఇంకా వెడల్పు చేసింది. నార్త్ హాలీవుడ్ ఇచ్చింది వాదన. 2014లో మిస్సోరీ రాష్ట్రంలోని ఫెర్గూసన్‌లో, ఒక నల్లజాతి యువకుణ్ని పోలీసు కాల్చి చంపాక, వీధుల్లో నిరసనకారుల ఎదుట సాయుధ వాహనాలు నిలిచినప్పుడు కూడా, సమర్థించేవాళ్లకి అక్కరకొచ్చిన పేర్లలో ఇదొకటి.

ఇక చివరి నిమిషాలు. ఫిలిప్స్ తన పిస్టల్‌తోనే కాల్చుకున్నాడు. మాటసరెయాను ఒక జీపు లాక్కుందామని చూశాడు, అది కదల్లేదు. దాని యజమాని దిగిపోతూ కదలకుండా చేసి వెళ్లాడు. ముగ్గురు స్వాట్ పోలీసులు ఎదురుగా కారు ఆపి, వాహనాల కింద నుంచి, కవచం లేని అతని కాళ్ల మీద కాల్చారు. 29 గాయాలు. బేడీలు వేశాక కూడా బతికే ఉన్నాడు. మూడో దొంగ ఉన్నాడేమోనన్న టెన్షన్‌లో ఆ వీధిలోకి అంబులెన్సును వెంటనే రానివ్వలేదు. రక్తం పోయి అక్కడే చనిపోయాడు.

వైద్యం అందకుండా చేశారని అతని పిల్లల తరఫున ఇద్దరు పోలీసుల మీద కేసు వేశారు. 2000లో విచారణ జరిగితే జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. రెండోసారి విచారణ జరగలేదు, కేసు ఉపసంహరించుకున్నారు. ఆ తర్వాత మూడేళ్లకు టెలిఫిల్మ్ వచ్చింది.