కంతు ఎక్కడ కట్టించుకోవాలి?

తిరుపతిలో పూలు కట్టి అమ్ముకునే ఆడవాళ్లను మైక్రోఫైనాన్స్ (పేదవాళ్లకిచ్చే చిన్న అప్పులు) గురించి అడిగితే తెల్లమొహం వేస్తారు. గ్రూపు లోన్ అంటే మాత్రం వెంటనే అర్థమవుతుంది. తాకట్టు అక్కర్లేదు, పక్కింటామే ష్యూరిటీ. ఒకరు కంతు ఎగ్గొడితే మిగతావాళ్లు తలా ఇంత వేసి కట్టాలి.

దీనికి ముందు డ్వాక్రా ఉంది. పొదుపు సంఘాలకు బ్యాంకు అప్పులిప్పించే పద్ధతిని గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 1992లో మొదలుపెట్టింది. అక్కడ ముందు పొదుపు, తర్వాతే అప్పు. మైక్రోఫైనాన్స్ కంపెనీలొచ్చాక పొదుపు మాట పోయింది. అప్పటికే సంఘాల్లో ఉన్న ఆడవాళ్లకే ఒకరి తర్వాత ఒకరు అప్పులిచ్చారు. ఒక కంపెనీ కంతు కట్టడానికి ఇంకో కంపెనీ లోను!

2006లో కృష్ణా జిల్లా అధికారులు ఈ కంపెనీల బ్రాంచీలు 50 దాకా మూయించారు. అయినా వ్యాపారం ఆగలేదు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ అనే మైక్రోఫైనాన్స్ కంపెనీ షేర్లు స్టాక్ మార్కెట్‌కెక్కాయి. వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యల వార్తలు రావడంతో అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత అదే చట్టమైంది. వడ్డీ అసలును మించకూడదు. వారం కంతు వద్దు, నెలకోసారే. వసూలు ఇంటి గడపలో కాదు, పంచాయతీ ఆఫీసులాంటి చోట. మంచిదే. కానీ కట్టడమే ఆగిపోయి కంపెనీలు అప్పులు బంద్ చేశాయి. అవసరం ఆగుతుందా? కందువడ్డీకి, అంటే విపరీతమైన వడ్డీకి అప్పిచ్చేవాళ్లు ఎటూ పోలేదు కదా.

తాను వేసిన మాలెగాం కమిటీ నివేదిక తర్వాత 2011 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఈ కంపెనీల వడ్డీకి 26 శాతం హద్దు పెట్టింది. 2022 ఏప్రిల్ నుంచి ఆ హద్దు ఎత్తేసి, నెలవారీ కంతులన్నీ కలిపి కుటుంబ ఆదాయంలో సగం దాటకూడదంది. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే. అప్పు తీసుకున్నామె వరసగా రెండుసార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికి రావాలి. రిజర్వు బ్యాంకులో నమోదైన ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలకు) ఆ రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023లో చెప్పింది.

ఈ నియమాలన్నీ కంపెనీ మనిషికే. మీటింగులో అందరి ముందు నిలదీసే పక్కింటామెను ఏ నియమం ఆపుతుంది? నా లెక్కన అసలు చిక్కు ఇక్కడే ఉంది. కంపెనీ మనిషి హద్దు మీరితే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదివ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయాలి.