వ్యాసర్పాడి నీళ్ల తగాదాల వెనుక రంగూన్ రేవు

ఉత్తర చెన్నైలోని వ్యాసర్పాడి వైపు బర్మా నుంచి తిరిగొచ్చిన భారతీయ కుటుంబాలున్నాయి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి అంతకుముందే వచ్చి పారిశుద్ధ్య పనుల్లో కుదిరిన తెలుగువాళ్లూ నగరంలోని ఇలాంటి పేటల్లోనే బతుకుతున్నారు. ఇలాంటి చోట నీళ్ల దగ్గర మాట పెరిగితే, వచ్చినవాళ్లకే సర్కారు అన్నీ ఇచ్చిందన్న నిష్ఠూరం పైకి వస్తుంది. ఆ నిష్ఠూరం అర్థం కావాలంటే బర్మాలోని రంగూన్ రేవు దాకా వెళ్లాలి.

గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి ఓడలెక్కిన మన కూలీలే అక్కడ సరుకు మోసేవారు. 1930 మేలో వాళ్లు కూలి పెంచమని సమ్మె చేస్తే యజమానులు బర్మీయులను పనిలో పెట్టుకున్నారు. రాజీ కుదరగానే ఆ బర్మీయులను వెళ్లగొట్టారు. పని పోయినవాళ్ల కోపం యజమానుల దాకా పోలేదు, పక్కనున్న తెలుగు కూలీ మీదే పడింది. ఆ అల్లర్లలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. పేదల తగాదా ఎక్కడ విన్నా నాకు ముందు ఇదే గుర్తొస్తుంది.

1962లో బర్మా సేనాధిపతి నే విన్ సైన్యంతో గద్దెనెక్కాడు. 1964 మార్చిలో దుకాణాలు సర్కారు పరమయ్యాయి, మేలో 50, 100 చాట్ (బర్మా డబ్బు) నోట్లు రద్దయ్యాయి. అలా బతుకుదెరువు పోయిన భారతీయులను ఓడలు మద్రాసులో, విశాఖలో కాందిశీకులుగా దించాయి. వాళ్లకు అందింది చిన్న అప్పు, ఎక్కడో ఓ ఇంటి చోటు. కొందరికి 1969లో బీచ్ స్టేషన్ దగ్గర వెలసిన బర్మా బజారులో ఓ కొట్టు. తరాల ఆస్తి పోయినవాళ్లకు ఇదేమంత పెద్ద సాయం కాదు. కానీ తాత నాటి నుంచి నగరం ఊడుస్తూ గుడిసెలోనే ఉన్న మనిషికి అది కొండంతగా కనిపించిందంటే తప్పు పట్టలేం.

1970లో తమిళనాడులో మురికివాడల బోర్డు, ఆ మరుసటి ఏడాది మురికివాడల చట్టం వచ్చాయి. ఉన్నచోటే మేడ ఇళ్లు కట్టిస్తామన్న ఆశ కొన్నాళ్లు నిలిచింది. 2000 నుంచి కూవం నది, బకింగ్‌హాం కాలువ గట్ల జనాన్ని నగరం దక్షిణ శివార్లలోని కణ్ణగి నగర్‌కు, తర్వాత పెరుంబాక్కానికి తరలించారు. ఇల్లు దూరమైంది, పని మాత్రం నగరంలోనే ఉండిపోయింది. ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లకు బస్సులోనే పొద్దు గడుస్తోంది, చాలామంది ఆ పనే మానుకున్నారు.

కాలువ గట్టున అద్దెకుండేవారి గతి ఇంకా కష్టం. కూల్చివేతకు ముందు సర్వేకు వచ్చినవాళ్లు అడిగేది ఇంటి కాగితం, రేషన్ కార్డు. రంగూన్ నుంచి వచ్చిన కుటుంబమైనా, నెల్లూరు నుంచి వచ్చిన కుటుంబమైనా, అవి చూపించలేకపోతే ఇళ్ల జాబితాలో పేరుండదు.