పద్దెనిమిది నిండాక చూద్దాంలే అంటే...

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో, వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్లకు ట్రైనింగ్ ఇస్తుంటాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే మాట వింటాను.

అపోహ: "ట్రాన్సిషన్ ప్లానా (బడి తర్వాతి జీవితానికి పిల్లల్ని సిద్ధం చేసే ప్లాన్)? అది బడి అయిపోయాక కదా మేడమ్!"

వాస్తవం: అప్పటికే ఆలస్యం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత విద్య హక్కు 18 ఏళ్ల వరకే. మర్నాడు పొద్దున ఆ పిల్ల ఎక్కడికి వెళ్తుంది? పద్నాలుగో ఏటికల్లా ఈ ప్రశ్న ఐఈపీలోకి, అంటే ఆ ఒక్క పిల్ల కోసం రాసుకునే చదువు ప్లాన్‌లోకి, ఎక్కాలి. బస్సెక్కడం, చిల్లర చూసుకోవడం, నెలసరి రోజుల్లో తన సంగతి తాను చూసుకోవడం, ఎవరైనా చెయ్యి వేస్తే "వద్దు" అని గట్టిగా అనడం, ఇవి ఒక్క నెలలో వచ్చేవి కావు.

నేనూ తప్పు చేశాను. పదహారేళ్ల కుర్రాడికి మేధో వైకల్యం. క్లాసులో ప్లాస్టిక్ కూరగాయలు, అట్ట నోట్లతో బేరం నేర్పాను. ఇరవైలో పది పోతే ఎంతో ఠక్కున చెప్పేవాడు, ఒడియాలో. మార్కెట్‌కి తీసుకెళ్తే కొట్టావిడ తెలుగులో "చిల్లరుందా బాబూ?" అంది. బిక్కమొహం వేశాడు. ఇంట్లో తెలుగే, కానీ డబ్బు లెక్క నేను ఒడియాలోనే చెప్పాను మరి! ఆ తర్వాత నాలుగు నెలలు ప్రతి మంగళవారం అదే కొట్టు, పది రూపాయల కొత్తిమీర. ఇప్పుడు మా ట్రైనీలు చార్టులు గీసే ముందు మార్కెట్‌కి వెళ్తారు. ఏం అడుగుతారో, ఏ భాషలో అడుగుతారో రాసుకొస్తారు.

మిగతా అపోహలు గబగబా. శ్రీకాకుళంలో తీసుకున్న వైకల్య సర్టిఫికెట్ ఒడిశాలో చెల్లదంటారు. చెల్లుతుంది, దేశమంతా. పెన్షన్ రూల్స్ మాత్రం ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. 18 దాటిన వాళ్లందరికీ గార్డియన్ కావాలన్నది పుకారు. చూపులేని, వినపడని పెద్దవాళ్ల సంతకం వాళ్లదే. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు అవసరమైతే గార్డియన్ కోసం 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

మొన్న కాశీనగర్ నుంచి ఒకావిడ వచ్చింది. కూతురికి పంతొమ్మిది. "ఇంక టైం అయిపోయిందా మేడమ్?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అయిపోలేదమ్మా అన్నాను. పిల్ల టీ పెడుతుందా అని అడిగితే, "గ్యాస్ దగ్గరికే రానివ్వను" అంది.

అక్కడే మొదలుపెట్టాం.