పాత సిస్టంకి విండోస్ 11: అనంతపురంలో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అప్పటి నుంచి మా షాపు మెట్లెక్కే వాళ్లు అడిగేది ఒకటే: "ఏమన్నా, మా సిస్టంకి లెవెన్ ఎక్కుతాదా?" అడిగేలోపే జవాబు కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది. పక్కింటాయన చెప్పిందో, యూట్యూబ్‌లో చూసిందో. వాటిలో సగం తప్పులు. ఆ తప్పులకు డబ్బు పోయేది మాత్రం వీళ్లకే.

అపోహ: మాది ఐ7. ఏ విండోస్ అయినా ఎక్కుతుంది.

మన ఊళ్లో ఇది ఎక్కువ, దానికి కారణం బెంగళూరు దగ్గర కావడమే. అక్కడ కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డుకు పోయి, కంపెనీలు తీసేసిన ఆఫీసు సిస్టం ఒకటి చవగ్గా పట్టుకొస్తారు. పైన ఐ7 స్టిక్కర్ మెరుస్తుంటుంది. కానీ విండోస్ 11 చూసేది ప్రాసెసర్ ఐ3నా ఐ7నా అని కాదు, ఎన్నో జనరేషన్ (తరం) అని. ఇంటెల్‌లో దాదాపుగా 8వ జనరేషన్ నుంచే మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న లిస్టులో ఉన్నాయి. ఐ3-8100కి లెవెన్ దర్జాగా ఎక్కుతుంది, ఐ7-4770కి మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ఎక్కదు.

చూసుకోవడం తేలిక. సెట్టింగ్స్‌లో సిస్టం, అందులో అబౌట్ తెరిస్తే ప్రాసెసర్ పేరు ఉంటుంది. గీత తర్వాత నాలుగంకెల నంబరు ఉంటే డెస్క్‌టాప్‌లలో మామూలుగా మొదటి అంకె జనరేషన్: 4590 అంటే నాలుగు, 8400 అంటే ఎనిమిది. 10400 లాంటి ఐదంకెల నంబరైతే మొదటి రెండూ కలిపి పది. ఏఎండీ ప్రాసెసర్ ఉన్నవాళ్లు నంబరు చూసి తేల్చుకోకండి, అక్కడ పేర్లు కొంచెం గజిబిజి. సిస్టంకి లెవెన్ ఎక్కుతుందో లేదో చెప్పే పీసీ హెల్త్ చెక్ అనే ప్రోగ్రాం మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇస్తుంది, అది వేసి చూడండి. సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడైతే ముందు ఈ నంబరు అడిగి, ఆ తర్వాత బేరం మొదలుపెట్టండి.

అపోహ: హెల్త్ చెక్‌లో 'కుదరదు' అని వచ్చిందంటే ఇక అంతే.

ఎందుకు కుదరదో కింద రాసి ఉంటుంది, అది చదవాలి. ప్రాసెసర్ అని ఉంటే సరే, చేసేదేం లేదు. టీపీఎం 2.0 (రహస్య తాళాలు దాచే సెక్యూరిటీ ఏర్పాటు) లేదనో, సెక్యూర్ బూట్ (సిస్టం ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే రానిచ్చే ఏర్పాటు) లేదనో ఉంటే మాత్రం ఆశ వదలకండి. 8వ, 9వ జనరేషన్ అసెంబుల్డ్ సిస్టంలు చాలావాటిలో టీపీఎం ఉంటుంది, కాకపోతే బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, ఆఫ్‌లో ఉంటుంది. ఇంటెల్ బోర్డులో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని వెతికి ఆన్ చేస్తే పని అయిపోతుంది.

సెక్యూర్ బూట్‌తో కొంచెం తంటా. పాత పద్ధతిలో, అంటే లెగసీ మోడ్‌లో విండోస్ వేసిన సిస్టంలో డిస్కు ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉంటుంది. దాన్ని జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చి, ఆ తర్వాతే బయోస్‌లో లెగసీ నుంచి యూఈఎఫ్ఐ అనే కొత్త మోడ్‌కి రావాలి. డేటా పోకుండా మార్చడానికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది. అయితే డిస్కులో లాజికల్ పార్టిషన్లు ఉంటే అది ఒప్పుకోదు. మనవాళ్లకేమో సి, డి, ఇ, ఎఫ్ అని నాలుగు ముక్కలు కోయకపోతే విండోస్ వేసినట్టే ఉండదు. అలాంటి డిస్కుకు బ్యాకప్ తీసి మొదటి నుంచి వేయడమే దారి.

ఇంకో చిన్న వస్తువు ఉంది: బోర్డు మీద బిళ్ల బ్యాటరీ, సీఆర్2032. అది చచ్చిపోయిన పాత బోర్డుల్లో కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది. కొన్నింట్లో బయోస్ సెట్టింగులు కూడా మొదటికొస్తాయి. మన దగ్గర కరెంటు పోకుండా ఉండే వారం ఏది? తేదీ తప్పితే బ్యాంకు సైట్లు తెరుచుకోవు, అప్‌డేట్లు ఫెయిలవుతాయి. "లెవెన్ వేసినాకే పాడైంది" అని సిస్టం మోసుకొస్తారు. ముందే బిళ్ల మార్చేయండి, పెద్ద ఖర్చేం కాదు.

అపోహ: పెన్‌డ్రైవ్‌తో దొడ్డిదారిన ఏ సిస్టంకైనా ఎక్కించొచ్చు.

దారి ఉన్న మాట నిజమే. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో విండోస్ పెన్‌డ్రైవ్ తయారు చేస్తే ఆ చెకింగులన్నీ దాటేయొచ్చు. అయినా దానికీ హద్దుంది. 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌లో ఎస్ఎస్ఈ 4.2 అనే ఆదేశాల సెట్ లేకపోతే విండోస్ 11 అసలు బూటే కాదు. అంటే ఐ సిరీస్‌కు ముందటి కోర్ 2 డ్యుయో ప్రాసెసర్ల కథ ముగిసినట్టే. నాలుగు, ఆరో జనరేషన్ వాటికి ఎక్కుతుంది, నడుస్తుంది. కానీ ఇలాంటి సిస్టంలకు అప్‌డేట్లు కచ్చితంగా ఇస్తామని మైక్రోసాఫ్ట్ ఎక్కడా చెప్పలేదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌ను ప్రతిసారీ చేత్తో ఎక్కించుకోవాలి. ఇంట్లో సినిమాలు చూసే సిస్టం అయితే మీ ఇష్టం. అంగడి లెక్కలు, బ్యాంకు పనులు నడిచే సిస్టంకి ఈ పద్ధతి నేను వేసివ్వను.

అపోహ: సపోర్టు ఆగింది కాబట్టి విండోస్ 10 పని చేయదు.

చేస్తుంది. ఆగేవి సెక్యూరిటీ అప్‌డేట్లు. ఇంటి సిస్టంలకు ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 వరకు, ఈఎస్‌యూ (పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్లు) పేరుతో వాటిని ఇస్తామన్నారు. సిస్టం 22హెచ్2 వెర్షన్‌లో ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంటు కావాలి. సెట్టింగులను ఆ అకౌంటుకు బ్యాకప్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు, అది వద్దనుకుంటే 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్ పాయింట్లతోనూ చేరొచ్చు. కొత్త సిస్టం కొనాలా వద్దా అని తేల్చుకోవడానికి ఈ గడువు వాడుకోండి. "యాంటీవైరస్ ఉంది కదన్నా" అనేవాళ్లకు ఒక మాట: యాంటీవైరస్ వచ్చిన దొంగను పడుతుంది, విండోస్‌లో ఉన్న కంతను పూడ్చదు.

అపోహ: లెవెన్‌కి డబ్బు కట్టాలి.

విండోస్ 10 సక్రమంగా యాక్టివేట్ అయి ఉండి, సిస్టం లిస్టులో ఉంటే ఉచితమే. క్రాక్ జోలికి మాత్రం పోకండి.

అపోహ: సిస్టం నిదానమైంది, కొత్త విండోస్ వేస్తే స్పీడొస్తుంది.

రాదు. నిదానానికి కారణం చాలాసార్లు ఆ తిరిగే హార్డ్‌డిస్కే. దాని మీద లెవెన్ వేస్తే డెస్క్‌టాప్ వచ్చేలోపు టీ తాగి రావొచ్చు. తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, సాటా ఎస్ఎస్‌డీ, పదేళ్ల నాటి సిస్టంలో కూడా పడుతుంది. బడ్జెట్ ఒక్కదానికే ఉంటే ముందు ఎస్ఎస్‌డీ, తర్వాత ర్యామ్. మైక్రోసాఫ్ట్ 4 జీబీ చాలంటుంది, నేను 8 అంటాను. డీడీఆర్3 స్లాటులో డీడీఆర్4 ర్యామ్ పట్టదు, ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టేముందు చూసుకోండి. సిస్టం ఎలాగూ విప్పుతారు కాబట్టి ఫ్యాను దుమ్ము కూడా ఊదించండి. మన ఎండలకు, గాలికి ఆ కూలింగ్ ఫిన్నుల్లో మట్టి పేరుకుని ఉంటుంది. ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది.

అపోహ: ఫార్మాట్ కొడితే సి డ్రైవే కదా పోయేది, మా ఫైళ్లు భద్రం.

డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ అన్నీ మామూలుగా ఉండేది సి డ్రైవ్‌లోనే. పిల్లల సర్టిఫికెట్ స్కాన్లు, పెళ్లి ఫొటోలు చాలామంది పెట్టేది డెస్క్‌టాప్ మీదే. 10 నుంచి 11కి నేరుగా అప్‌గ్రేడ్ చేస్తే ఫైళ్లు, ప్రోగ్రాములు అలాగే ఉంటాయి, అయినా ఒక కాపీ బయట పెట్టుకోవాలి. మధ్యలో కరెంటు పోవచ్చు కాబట్టి యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. లెక్కలకు ట్యాలీ వాడేవాళ్లు డేటా ఫోల్డరు ఎక్కడుందో చూసి కాపీ తీసుకోండి. ఫార్మాట్‌కు ముందు ట్యాలీలోనే లైసెన్స్ సరెండర్ చేయండి, లేకపోతే కొత్తగా వేశాక యాక్టివేషన్ దగ్గర తిప్పలు.

అపోహ: లైనక్స్ ఇంజినీర్లకే.

బ్రౌజర్, వీడియోలు, ఉత్తరాలు టైపు చేసుకోవడం, ఇంతవరకే అయితే నాలుగో జనరేషన్ సిస్టంకి విండోస్ బదులు ఉచితంగా వేసుకునే లైనక్స్ మింట్ బాగా సరిపోతుంది. అప్‌డేట్లు వస్తాయి, తెలుగు టైపింగ్ కుదురుతుంది. ట్యాలీ వాడేవాళ్లకు, పేజ్‌మేకర్‌లో 'అను' తెలుగు ఫాంట్లతో డీటీపీ (అచ్చు కోసం పేజీలు తయారు చేసే పని) చేసేవాళ్లకు మాత్రం నేను చెప్పను, ఆ పనులు విండోస్‌లోనే జరగాలి. ప్రింటరు సంగతి కూడా ముందే చూసుకోవాలి. హెచ్‌పీ 1020కి అదనంగా ఒక ప్లగిన్ వేస్తే నడుస్తుంది. కెనాన్ 2900తో డ్రైవర్ తిప్పలు ఎక్కువ. మింట్‌ను ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, ప్రింటరు తగిలించి ఒక పేజీ తీసి చూశాకే విండోస్ తీసేయండి.