గురజాడకి రాజుగారున్నారు, మనకి ఏజెంటు ఎందుకు లేడు?

శ్రీకాకుళం, విజయనగరం వైపు నవలలు రాస్తున్న కుర్రాళ్ళు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. కొందరు నేరుగా ఇంగ్లీషులోనే రాస్తున్నారు, కొందరు మన కథల్ని ఇంగ్లీషులోకి తెస్తున్నారు. రాతప్రతి పూర్తవగానే అందరూ అడిగేది ఇదే: లిటరరీ ఏజెంట్ అంటే ఎవరు, ఎక్కడ దొరుకుతాడు, ఎంత ఇవ్వాలి? ఆ మూడో ప్రశ్నలోనే ఉంది చిక్కంతా. ఏజెంటుకి రచయిత ముందుగా ఒక్క రూపాయి కూడా ఇవ్వడు. రచయిత తరఫున పుస్తకం హక్కులు ప్రచురణకర్తలకి అమ్మి, రచయితకి డబ్బొచ్చాక అందులోంచి ఏజెంటు తన వాటా తీసుకుంటాడు. మామూలుగా 15 శాతం, విదేశీ హక్కులో అనువాద హక్కులో అయితే 20. ఇంత చిన్న సంగతి మనవాళ్ళకి ఎందుకు తెలీదంటే, తెలుగు పుస్తకాల వ్యాపారంలో అలాంటి మనిషి ఎప్పుడూ లేడు కాబట్టి.

లండన్‌లో మాత్రం 1875 ప్రాంతంలోనే తయారయ్యాడు. ఎ.పి. వాట్ అనే స్కాట్లండ్ ఆయన స్నేహితుల రాతలు పత్రికలకి, ప్రచురణకర్తలకి అమ్మిపెట్టడంతో మొదలుపెట్టి, తర్వాత పది శాతం కమిషన్ పద్ధతిలో స్థిరపడ్డాడు. కిప్లింగ్, కానన్ డాయల్ లాంటివాళ్ళు ఆయన దగ్గరికి వెళ్ళారు. ఆయన తెలివైనవాడే, కానీ అదొక్కటే కారణం కాదు. అప్పటికి అక్కడ ఒకే నవలని పత్రికకి సీరియల్‌గా ఒకసారి, పుస్తకంగా ఇంకోసారి, చౌక ముద్రణకి మరోసారి, వలస రాజ్యాలకి విడిగా అమ్మొచ్చు. 1891లో అమెరికా విదేశీ రచయితలకి కూడా కాపీరైట్ ఇవ్వడంతో ఇంకో పెద్ద బజారు తెరుచుకుంది. ఇన్ని హక్కులు, ఇన్ని ఒప్పందాలు రాసే మనిషి ఒక్కడే చూసుకోలేడు, అందుకే మధ్యలో ఒకడికి పని దొరికింది. మధ్యవర్తి వచ్చి మాకూ రచయితకీ మధ్య అడ్డం పడ్డాడని ప్రచురణకర్తలు గొణిగారు కూడా.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా విజయనగరంలో ఏం జరుగుతోందో చూడండి. 1892లో కన్యాశుల్కం నాటకం ఆడారు, 1897లో అచ్చయింది, గురజాడ దాన్ని ఆనందగజపతి మహారాజుకి అంకితం ఇచ్చారు, ఇంగ్లీషులో ముందుమాట కూడా రాశారు. గురజాడ సంస్థానంలో ఉద్యోగి, రాజుగారి అభిమానం ఉన్నవాడు. హక్కులు, కమిషన్, బేరం అన్న మాటలు ఆ లెక్కలో ఎక్కడా రావు. 1909లో నాటకాన్ని బాగా పెంచి, మార్చి మళ్ళీ అచ్చువేశారు. ఈరోజు మనం చదివేది అదే. ఇంత గొప్ప పుస్తకం వెనక ఉన్న ఏర్పాటు మాత్రం పాతదే, ప్రభువు ఆదరణ. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు, రాజు లేకపోతే ఆ పుస్తకం ఎప్పటికి వచ్చేదో ఎవరు చెప్పగలరు.

రాజులు పోయాక ఆ కుర్చీలోకి పత్రికా సంపాదకుడు వచ్చాడు. 1960ల నుంచి 80ల దాకా వారపత్రికలే తెలుగు నవలకి ఇల్లు. సీరియల్‌గా వస్తే పాఠకులు ఉత్తరాలు రాసేవారు, పేరొస్తే విజయవాడ ప్రచురణకర్తే వెతుక్కుంటూ వచ్చేవాడు, అద్దె పుస్తకాల షాపుల్లో ఆ నవల అట్టలు ఊడిపోయేదాకా తిరిగేది. రచయితని కనిపెట్టడం, రాతని దిద్దించడం, బయట ప్రపంచానికి పరిచయం చెయ్యడం, ఏజెంటు చేసే పనిలో సగం ఆ సంపాదకుడే జీతానికి చేసిపెట్టాడు. చెయ్యనిది బేరం ఒక్కటే, ఎందుకంటే ఆయన పత్రిక తరఫు మనిషి. పారితోషికం ఎంతిస్తే అంత.

అప్పుడే మనకో అలవాటు కూడా పడింది. కథ పంపేటప్పుడు తిరుగు టపాకి స్టాంపులు అంటించిన కవరు, దాంతోపాటు హామీపత్రం. ఇది నా సొంత రచన, అనువాదమో అనుసరణో కాదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు అని సంతకం. ఆ కాగితం గురించి మళ్ళీ చెప్తాను, దాని దెబ్బ ఇప్పటికీ తగులుతోంది.

టీవీ ఇళ్ళలోకి వచ్చి వారపత్రికలు పడిపోయాక రచయితే ప్రచురణకర్త అయ్యాడు. డీటీపీ, ప్రూఫులు, కవర్ బొమ్మ, ప్రెస్సు ఖర్చు అన్నీ సొంత జేబులోంచే. ఆవిష్కరణ సభలో కొన్ని కాపీలు, స్నేహితులకి కొన్ని, మిగతావి పుస్తకాల షాపుకి, అక్కడ కమిషనే ధరలో దాదాపు నలభై శాతం. గ్రంథాలయాలు కొంటే ఊపిరి పీల్చుకోవడం, కొనకపోతే మంచం కింద అట్టపెట్టెలు. ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఎవరో మంచి ప్రచురణకర్త దొరికి, 200 రూపాయల పుస్తకం 500 కాపీలూ అమ్మి, పది శాతం రాయల్టీ నిజాయితీగా ఇచ్చాడనుకోండి. రచయితకి వచ్చేది పదివేలు. అందులో ఏజెంటు వాటా పదిహేను వందలు. దానికోసం నవల చదివి, దిద్దించి, పదిమంది ప్రచురణకర్తలతో మాట్లాడి, ఒప్పందం చూసేవాడు ఎవడుంటాడు? తెలుగులో ఏజెంటు లేకపోవడానికి అభిరుచి లేకపోవడం, సంస్కృతి లేకపోవడం అంటూ పెద్ద పెద్ద కారణాలు చెప్తారు గానీ నాకు కనిపించే కారణం ఈ పదిహేను వందలే.

ఇంగ్లీషులో లెక్క వేరు. అరుంధతీ రాయ్ మొదటి నవల రాతప్రతి చదివి లండన్ నుంచి ఏజెంటు డేవిడ్ గాడ్విన్ విమానమెక్కి వచ్చాడు, 1997లో ఆ నవలకి బుకర్ వచ్చింది. ఆ తర్వాత ఇక్కడా ఏజెన్సీలు నిలబడ్డాయి, బెంగళూరులో జకరండా, జైపూర్‌లో సియాహి, ఢిల్లీలో రైటర్స్ సైడ్. అనువాదాలకి ఊపు ఇంకా తర్వాత వచ్చింది. ఇంటర్నేషనల్ బుకర్ 2022లో హిందీ నవలకి, 2025లో కన్నడ కథలకి దక్కింది, ఆ 50,000 పౌండ్లని రచయిత, అనువాదకురాలు చెరిసగం పంచుకున్నారు. కన్నడకి వస్తే తెలుగుకి ఎందుకు రాదు అని మనవాళ్ళు కూడా మెయిళ్ళు పెట్టడం మొదలుపెట్టారు. మంచిదే.

ఆ మెయిళ్ళలోనే పాత అలవాట్లు బయటపడతాయి. హామీపత్రం సంగతి చెప్పాను కదా, అది ఒంట్లో ఇంకిపోయి, ఒక ఏజెంటుకి పంపి నాలుగు నెలలు కదలకుండా కూర్చునేవాళ్ళు ఉన్నారు. అక్కర్లేదు. ఏజెన్సీ ప్రత్యేకంగా వద్దంటే తప్ప ఒకేసారి ఐదారుగురికి పంపడం మామూలే, ఎవరైనా ఒప్పుకుంటే మిగతావాళ్ళకి చెప్తే చాలు. ఒకే ఏజెన్సీలో ఇద్దరికి ఒకేసారి మాత్రం పంపకండి. రెండోది, ముందుమాటల అలవాటు. పెద్దలు మెచ్చుకున్న మాటలు, జిల్లా స్థాయి సన్మానాలు ఒక పేజీ నింపేస్తారు, నవల దేని గురించో రెండు లైన్లు ఉంటుంది. క్వెరీ లెటర్, అంటే ఏజెంటుకి నవలని పరిచయం చేసే ఉత్తరం, మొత్తం కలిపి ఒక పేజీ, మూడు వందల మాటలు: ఎవరి కథ, వాళ్ళకేం కావాలి, ఏది అడ్డుపడింది, ఎన్ని పదాల నవల, ఈ మధ్య వచ్చిన ఏ పుస్తకాల పక్కన నిలబడుతుంది. మూడోది సినాప్సిస్, అంటే కథ సారాంశం. ముగింపు పుస్తకంలోనే చదవండి అని సస్పెన్స్ పెడతారు, సీరియల్ జబ్బు ఇంకా వదల్లేదు మరి. సినాప్సిస్‌లో ముగింపు చెప్పి తీరాలి. నవలైతే పూర్తిగా రాశాకే పంపాలి, సగం రాసి ఆసక్తి ఉంటే మిగతాది రాస్తాననడం కుదరదు.

ఎవరికి పంపాలో తెలుసుకోవడానికి పెద్ద రహస్యమేమీ లేదు. మీ నవల లాంటి పుస్తకాలు నాలుగు తీసి కృతజ్ఞతల పేజీ చూడండి, రచయితలు ఏజెంటు పేరు చెప్పి మరీ థాంక్స్ చెప్తారు. ఆ ఏజెన్సీ సైటులో ఏ రకం పుస్తకాలు తీసుకుంటున్నారో, మొదటి పది పేజీలు పంపాలో మూడు అధ్యాయాలు పంపాలో చదివి, అడిగినంతే పంపండి.

చదవడానికి ఫీజు, రిజిస్ట్రేషన్ ఫీజు, ప్యాకేజీ అన్న మాట వస్తే అక్కడితో ఆపెయ్యండి. మా ఉద్దానం వైపు ఏజెంటంటే గల్ఫ్‌కి పంపేవాడు, ముందు డబ్బు కట్టించుకునే మనిషే, అలాంటివాళ్ళనే చూస్తూ పెరిగినవాళ్ళకి పుస్తకం ఏజెంటు డబ్బు అడిగినా అనుమానం రాదు. పైగా సొంత ఖర్చుతో వేసుకోవడం మనకి అలవాటైపోయింది, యాభైవేలు అడిగితే ప్రెస్సుకి ఎలాగూ అంత అయ్యేదే కదా అనిపిస్తుంది. డబ్బు కట్టి పుస్తకం వేసుకోవడం నేరమేం కాదు. దానికి ఏజెంటు అని పేరు పెట్టి అమ్మడం మాత్రం మోసం.

ఇక అనువదించేవాళ్ళకి. శ్రీకాకుళంలో కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో పెట్టిన కథల లైబ్రరీ కథానిలయానికి వెళ్తే ఏ పాత కథ కావాలన్నా దొరికే అవకాశం ఎక్కువ, కానీ కథ దొరకడం వేరు, దాని హక్కు దొరకడం వేరు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది, అనువాదానికి అనుమతి అందులో భాగమే. గురజాడ 1915లో పోయారు, ఆయన్ని ఎవరైనా అనువదించుకోవచ్చు. చాసో (చాగంటి సోమయాజులు) 1994లో పోయారు కాబట్టి 2054 చివరిదాకా, కారా మాస్టారు 2021లో పోయారు కాబట్టి 2081 చివరిదాకా వారసుల అనుమతి కావాలి. ఏజెంటు మొట్టమొదట అడిగేది ఆ అనుమతి కాగితమే. బతికున్న రచయితలు కూడా ఎప్పుడో ప్రచురణకర్తకి హక్కులిచ్చేశాం కదా అని వెనకాడుతుంటారు. హక్కు బదిలీ రాతపూర్వకంగా లేకపోతే చెల్లదు, రాసిన కాగితంలో గడువు లేకపోతే ఐదేళ్ళే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. చాలామంది తెలుగు రచయితలు జీవితంలో ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టలేదు, అంటే వాళ్ళ హక్కులు ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాయి.