క్రైస్తవ కథా రచయిత గురించి అపోహలు - వాస్తవాలు

నేను రాసేవి కథలు, నవలలు. వాటిలో మనుషులు ఆదివారం చర్చికి వెళ్తారు, కొందరు వెళ్లడం మానేస్తారు, అప్పులు చేస్తారు, కూతురి పెళ్లికి కట్నం ఎలా అని టెన్షన్ పడతారు, రాత్రి మోకరించి ప్రార్థన చేసుకుంటారు. వాక్య సందేశాలు కావు, దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలూ కావు, అచ్చంగా కల్పన. మా సండే స్కూల్ పిల్లలకు క్రిస్మస్ నాటిక రాస్తూ, గొర్రెల కాపరులకు మాటలు చాలడం లేదని నాలుగు డైలాగులు ఎక్కువ రాశాను. ఆ ఎక్కువే అలవాటైపోయింది.

ఈ పని గురించి సంఘంలో ఒక రకం అపోహలున్నాయి, బయట సాహిత్య సభల్లో ఇంకో రకం. తరచుగా నా చెవిన పడేవి కొన్ని చెప్తాను.

అపోహ: కల్పన అంటే అబద్ధం. విశ్వాసి అబద్ధం రాయకూడదు.

ఇలా అడిగేవాళ్లు ఎక్కువగా పెద్దవాళ్లు. మంచి మనసుతోనే అడుగుతారు. "నిజంగా జరిగిన సాక్ష్యాలు బోలెడున్నాయి కదమ్మా, లేనివి పుట్టించడం దేనికి?" అని. వాళ్లకు నేను రెండవ సమూయేలు 12వ అధ్యాయం తీసి చూపిస్తాను. దావీదు బత్షెబ విషయంలో పాపం చేశాడు, ఆమె భర్త ఊరియాను యుద్ధంలో చంపించాడు, ఏమీ ఎరగనట్టు రాజ్యం చేసుకుంటున్నాడు. నాతాను ప్రవక్త వచ్చి నేరుగా నిలదీయలేదు. ఓ కథ చెప్పాడు. ఒక ధనవంతుడు, ఒక పేదవాడు, ఆ పేదవాడు పెంచుకున్న ఒకే ఒక్క ఆడ గొర్రెపిల్ల. అది అతని చేతి ముద్దలు తినేదట, అతని గిన్నెలోదే తాగేదట, అతని కౌగిట్లో పడుకునేదట. ఇంత చిన్న చిన్న వివరాలు ఎందుకు పెట్టాడంటే దావీదు కూడా ఒకప్పుడు గొర్రెలు కాసినవాడే. రాజు కోపంతో ఊగిపోయి ధనవంతుడికి చావే సరైన శిక్ష అని తీర్పు చెప్పేశాక గానీ ప్రవక్త "ఆ మనుష్యుడవు నీవే" అనలేదు. లోకంలో ఎక్కడా లేని గొర్రెపిల్ల ఎదురుగా కూర్చున్న రాజును పట్టించింది.

ఈ అభ్యంతరం మనతో మొదలైందేం కాదు. ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ దగ్గరి ఎల్‌స్టో అనే పల్లెలో పుట్టిన జాన్ బన్యన్ గిన్నెలకు మాట్లు వేసుకుని బతికినవాడు. అనుమతి లేకుండా ప్రసంగిస్తున్నాడని 1660లో జైల్లో పెడితే దాదాపు 12 ఏళ్లు అక్కడే ఉన్నాడు. ఇక ప్రసంగించనని మాటిస్తే వదిలేసేవాళ్లు. ఆయన మాటివ్వలేదు. ఇంటి దగ్గర పిల్లలు, అందులో పెద్దమ్మాయికి చూపు లేదు. జైల్లో లేసులు తయారుచేసి, అవి అమ్మిన డబ్బుతో ఇంటికి తోడ్పడ్డాడు. మన తెలుగు క్రైస్తవ ఇళ్లలో 'యాత్రికుని ప్రయాణము'గా తెలిసిన పుస్తకం ఆయనదే, 1678లో అచ్చయింది. దాని ముందుమాట పద్యంలో ఉంటుంది. రాతప్రతి చూసి కొందరు అచ్చు వేయమన్నారట, కొందరు వద్దన్నారట. ఇది కల్పితం కదా అన్నవాళ్లకు, ప్రభువు ఉపమానాలు చెప్పలేదా అని ఆయన అక్కడే జవాబిచ్చాడు. నేను ఇవాళ ఇచ్చే జవాబు కూడా అదే, కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

అపోహ: ప్రార్థన చేసి కూర్చుంటే దేవుడే రాయిస్తాడు.

నేను ప్రార్థన చేసుకునే రాయడానికి కూర్చుంటాను. అది నా అలవాటు, దాన్ని ఎవరి కోసమూ దాచను. కానీ పదో పేజీలో అత్తగారు అంత మెత్తగా ఎందుకు మాట్లాడింది, రెండో అధ్యాయంలో చచ్చిపోయిన గేదె ఐదో అధ్యాయంలో పాలెలా ఇచ్చింది, ఇవన్నీ నేనే చూసుకోవాలి. పత్రికకు కథ పంపి "ఇది ప్రభువు ఇచ్చిన కథ అక్కా, ఒక్క అక్షరం కూడా మార్చొద్దు" అనేవాళ్లున్నారు. అలాంటి కథల్లోనే అక్షరదోషాలు ఎక్కువ. ప్రభువు మీద ఆ నింద ఎందుకు?

లూకా తన సువార్తను ఎలా మొదలుపెట్టాడో చూడండి. సంగతులన్నిటినీ మొదటినుంచి తరచి తెలుసుకుని వరుసగా రాస్తున్నానంటాడు. అంటే అడిగాడు, విన్నాడు, సరిచూసుకున్నాడు. సువార్త రాసినవాడే అంత కష్టపడితే మనమెంత! అమెరికాలో జార్జియా రాష్ట్రపు రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ గట్టి క్యాథలిక్కు. లూపస్ జబ్బుతో ఊతకర్రల మీద నడుస్తూ కూడా పొద్దున పూట రాతబల్ల దగ్గర కూర్చోవడం మానలేదు. 1964లో 39 ఏళ్లకే పోయారు. ఆమె కథల్లో హంతకులు, బైబిళ్లు అమ్ముకుంటూ మోసం చేసేవాళ్లు ఉంటారు. మన దగ్గర ఎవరైనా అలా రాస్తే సంఘ పెద్దలు కబురు పెడతారు, అది వేరే సంగతి.

అపోహ: క్రైస్తవ కథ అంటే చివరి పేజీలో అందరూ మారిపోవాలి.

దీని దగ్గర కాస్త ఆగుతాను. మా కథల్ని ఎక్కువగా పాడుచేసేది ఇదే.

ఈమధ్య ఓ తమ్ముడు కథ పంపాడు. చిట్టిబాబు తాపీమేస్త్రి, తాగుబోతు. భార్య మరియమ్మ కన్నీళ్లతో ప్రార్థన చేస్తుంటుంది. ఊళ్లో మూడు రోజుల ఉజ్జీవ కూడికలు, అంటే విశ్వాసాన్ని రగిలించే ప్రార్థన సభలు. మూడో రాత్రి చిట్టిబాబు వెనక వరసలో నిలబడి పాట విని, ముందుకొచ్చి మోకాళ్ల మీద పడతాడు. "ఆ రోజు నుండి ఆ కుటుంబం సంతోషంగా జీవించింది" అని ముగింపు. కుర్రాడిలో చేవ ఉంది. మేస్త్రి గోడకు తూకం చూసే తీరు, చేతుల మీద సిమెంటు పగుళ్లు, అవన్నీ బాగా రాశాడు. మనిషి మారిన చోటే ముక్కలన్నీ అరువు తెచ్చుకున్నవి.

నేను అతన్ని అడిగాను: "తమ్ముడూ, సోమవారం పొద్దున ఏం జరిగింది? బెల్టు షాపులో బాకీ ఎవరు తీర్చారు? ఇన్నేళ్లూ మరియమ్మ డబ్బులు ఎక్కడ దాచుకుంది?" ఆ మూడో ప్రశ్నకు అతను వెంటనే చెప్పేశాడు: "బైబిల్ జిప్పు కవర్లో అక్కా. వాడు బైబిల్ ముట్టుకోడు కదా." మరి అదే కదా నీ కథ, అన్నాను.

తిరగరాసిన కథలో కూడికల సంగతి నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. మర్నాడు సాయంత్రం చిట్టిబాబు పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచం మీద కూర్చుని "ఆ బైబిల్ ఇట్టా ఇవ్వు" అంటాడు. మరియమ్మ చేతిలో గరిటె ఆగిపోతుంది. ఇన్నేళ్లూ ఏ మాట కోసం ప్రార్థించిందో ఆ మాట వినపడింది, ఆమెకు సంతోషం రాలేదు, గుండె దడ వచ్చింది. "చదవడానికేనా?" అని అడుగుతుంది. అక్కడ కథ అయిపోయింది. అచ్చయ్యాక ఒకావిడ నాకే ఫోన్ చేసి "ఇంతకీ అతను నిజంగా మారాడా లేదా చెప్పండి" అని గట్టిగా అడిగారు. మీకేమనిపించిందండీ అన్నాను. "మారాడనే అనుకుంటున్నాను గానీ, ఆ డబ్బులు మాత్రం వేరే చోట పెట్టుకోమనండి" అన్నారు.

ముగింపు తేల్చకపోతే అది విశ్వాసం లేని కథ అవుతుందనుకునేవాళ్లు లూకా 15 మళ్లీ చదవాలి. తప్పిపోయిన కుమారుడు ఇల్లు చేరాడు, సరే. పెద్దకొడుకు? విందు జరుగుతుంటే బయటే నిలబడ్డాడు, తండ్రి వచ్చి బతిమాలాడు, తండ్రి మాటలతోనే ఉపమానం ఆగిపోయింది. లోపలికి వెళ్లాడో లేదో ప్రభువు చెప్పలేదు. యోనా గ్రంథం అయితే ఏకంగా ప్రశ్నతో ముగుస్తుంది, ఆ ప్రశ్నలో నీనెవె పశువులు కూడా ఉన్నాయి. ఇక ప్రతి పేజీలో దేవుని పేరు ఉండాలనేవాళ్లకు ఎస్తేరు గ్రంథం ఉంది. హీబ్రూలో ఆ పుస్తకం మొత్తంలో దేవుని పేరు ఒక్కసారి కూడా రాదు.

అపోహ: పాత్రలు బైబిల్ భాషలో మాట్లాడాలి.

మా గుంటూరు వైపు ఏ విశ్వాసి ఇంట్లోనైనా సాయంత్రం ప్రార్థన వినండి. "పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ దినమంతయు మమ్మును కాచి కాపాడినందుకు నీకు వందనములు" అని మొదలవుతుంది. ఆమేన్ అన్న మరుక్షణం "ఒరేయ్, ఆ పొయ్యి మీద పాలు చూడరా" అని వినపడుతుంది. రెండూ ఒకే నోటి మాటలు. దేవుడితో మాట్లాడేటప్పుడు గ్రాంథికం, పిల్లాడితో వాడుక భాష. చాలా కథల్లో పిల్లాడితో కూడా గ్రాంథికమే మాట్లాడిస్తారు. అప్పుడు ఆ తల్లి తల్లిలా ఉండదు, ప్రసంగంలో ఉదాహరణలా ఉంటుంది. ఆ రెండు భాషల మధ్య గెంతు ఎక్కడ పడుతుందో పట్టుకుంటే సగం పాత్ర చేతికొచ్చినట్టే.

అపోహ: రచయితకు సందేహాలు ఉండవు. ఉంటే రాయకూడదు.

ఇంగ్లిష్ రచయిత సి.ఎస్. లూయిస్ అనగానే మనవాళ్లకు పిల్లల కథల్లోని సింహం గుర్తొస్తుంది. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. బతికించమని పిల్లాడు ప్రార్థన చేశాడు, తల్లి బతకలేదు. పదిహేనేళ్లు నిండే నాటికి నాస్తికుడు. తిరిగి క్రీస్తును విశ్వసించింది 1931లో, ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్తూ, ముప్పై దాటాక. కథ అక్కడితో అయిపోలేదు. 1960లో భార్య జాయ్ కూడా క్యాన్సర్‌తోనే పోయింది. ఆ దుఃఖంలో రాసుకున్న నోట్సు 1961లో మారుపేరుతో అచ్చు వేయించారు. అవసరంలో దేవుడి దగ్గరికి వెళ్తే మొహం మీదే తలుపు వేసి లోపల గడియ పెట్టిన చప్పుడు వినపడిందని అందులో రాశారు. అప్పటికి లోకమంతా ఆయన్ని విశ్వాస వీరుడనుకుంటోంది.

జపాన్ రచయిత షుసాకు ఎండో సంగతి నాకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. తల్లి వల్ల చిన్నప్పుడే బాప్తిస్మం అయింది. ఆ మతాన్ని ఆయన, అమ్మ తొడిగిన, తన ఒంటికి సరిపోని పాశ్చాత్యపు సూటుతో పోల్చుకున్నారు. విప్పేయాలనుకున్నా విప్పలేకపోయారు. జపాన్‌లో క్రైస్తవులు నూటికి ఒకరిద్దరికి మించరు. అలాంటి చోట 17వ శతాబ్దపు హింసల కాలంలో విశ్వాసం వదులుకున్న ఓ పాదిరీ గురించి 1966లో నవల రాస్తే దానికి తానిజాకి బహుమతి వచ్చింది, చదివినవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు కానివాళ్లే. క్రైస్తవ కథ క్రైస్తవులకే అనే ఇంకో అపోహకు నేను విడిగా జవాబు చెప్పను, ఇది చాలు.

నా సంగతంటారా, నాకు సందేహాలున్నాయి. అవి ఉన్నన్నాళ్లూ నా పాత్రలకు ప్రాణం ఉంటుందని నమ్ముతాను. ఈ మాట సంఘంలో చెప్తే "మీ కోసం ప్రార్థన చేస్తాం" అంటారు. చేయమంటాను.

అపోహ: ఇదంతా విదేశీ సరుకు.

ఇది సాహిత్య సభల్లో వినపడేది. మరాఠీలో మొదటి నవలగా చెప్పుకునే 'యమునా పర్యటన్' 1857లో వచ్చింది. రాసింది క్రైస్తవం స్వీకరించిన బాబా పద్మన్‌జీ. కథ వితంతువుల బాధల గురించి. తమిళంలో మొదటి నవల 'ప్రతాప ముదలియార్ చరిత్రం' 1879లో అచ్చయింది, రాసిన వేదనాయకం పిళ్లై క్యాథలిక్, మాయవరంలో మున్సిఫ్‌గా చేసినవాడు. కందుకూరి 'రాజశేఖర చరిత్ర'కు ప్రేరణ ఆలివర్ గోల్డ్‌స్మిత్ నవల. అందులో నాయకుడు ఇంగ్లండులో ఓ పల్లెటూరి చర్చి పాదిరీ. కందుకూరి ఆయన్ని గోదావరి ఒడ్డుకు తెచ్చి తెలుగు బ్రాహ్మణ గృహస్థుగా మార్చేశారు, అంత బాగా మార్చారు కాబట్టే ఎవరికీ పాదిరీ గుర్తురాడు. పద్యంలో అయితే జాషువాగారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డే వచ్చింది. తెలుగు వచనంలో మాత్రం అంత పెద్ద పేరు తెచ్చుకున్న క్రైస్తవ నవల ఇంకా రావాల్సే ఉందని నా అభిప్రాయం. తప్పు సబ్జెక్టుది కాదు, మాది. బెల్టు షాపు బాకీ గురించి రాయకుండా ఉజ్జీవ కూడికల గురించే రాస్తూ కూర్చున్నాం.

అపోహ: విదేశాల నుంచి ఫండ్స్ వస్తాయి, బాగా గిట్టుబాటు.

కన్వెన్షన్‌లో, అంటే పెద్ద క్రైస్తవ సభల్లో, పుస్తకాల బల్ల దగ్గర ఓ గంట నిలబడి చూడండి. వాగ్దానాల క్యాలెండర్లు, పాటల పుస్తకాలు, బైబిల్ కవర్లు వేడివేడిగా పోతాయి. నవలలు బల్ల చివర, ఫ్యాన్ గాలికి అట్టలు లేస్తూ ఉంటాయి. ఎవరో ఒకరు చేతిలోకి తీసుకుంటారు, వెనక అట్ట చదువుతారు, "ఇది నిజంగా జరిగిందా అమ్మా?" అని అడుగుతారు. కాదండీ, కథ అంటే తిరిగి పెట్టేస్తారు. కొన్నవాళ్లలో కొందరు మరుసటి ఏడాది వెతుక్కుంటూ వచ్చి రెండో భాగం ఉందా అని అడుగుతారు. డీటీపీ, కాగితం, అచ్చు, బస్సు పార్సిల్ ఖర్చులు పోగా మిగిలేదాన్ని మా ఇంట్లో ఆదాయం అనరు. ఏడాది చివర లెక్క చూసేది మావారు. ఆయన బ్యాంకులో పనిచేస్తారు, ఆయన దగ్గర కల్పనకు చోటు లేదు.